గజం వెడల్పు గచ్చు

దసరాకు ముందు మైపాడు దగ్గర మా ఇంటి వాకిలి పగలగొట్టించాను. గేటు నుంచి మెట్ల దాకా, గోడ నుంచి గోడకు, నాయన 1983లో పోయించిన సిమెంటు చప్టా అది. గేటు దగ్గర రోడ్డు కాలవ మీది బిళ్ళలో కమ్మీలు ఉబ్బి కాంక్రీటు పెచ్చులుగా లేచిపోయింది. సముద్రపు ఊళ్ళలో ఇది మామూలే. ఉప్పు లోపలికి దిగి ఇనుమును తింటుంది, తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు అడుగుతుంది. పైగా అందులో కలిపిన ఇసుక ఒడ్డు నుంచి బండ్ల మీద తెచ్చిందే, కడగనిదే.

జానెడు లోతున సమ్మెట మోత మారింది. తెల్లగా, ఎర్రటి ఇటుక ముక్కలతో ఇంకో నేల. తాత వేయించిన గచ్చు! కూలివాళ్ళను ఆపి నేనే చేత్తో మట్టి తుడిచాను. గోరుతో గీరితే గీత పడలేదు.

అది గుల్ల సున్నం. ఆల్చిప్పలు, నత్తగుల్లలు బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి పొడి చేసి, ఇసుకతో గానుగలో ఎద్దులచేత తిప్పించేవాళ్ళు. కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి, ఇటుక ముక్కల మీద పరచి, దిమ్మిసతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. 1878లో గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టుకున్న మన ఉప్పుకాలవలో పడవలకు పడవలు గుల్ల మద్రాసు పోయేది. 1904లో ఆ మద్రాసులోనే సముద్రపు గుల్లతో సిమెంటు చేయబోయారు. నాయన చప్టాకూ తాత గచ్చుకూ అంత దూరపు చుట్టరికమేం కాదు.

తేడా వెడల్పులో ఉంది. తాత గచ్చు గజమే, మనిషి నడిచేంత. మిగతా వాకిలంతా ఇసుక. వాన అక్కడే ఇంకేది. మన తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరు నిలిస్తే, కింద దాదాపు నలభై అడుగుల దాకా ఉప్పును అణచి ఉంచుతుంది. నాయన వాకిలంతా కప్పేశాక ఆ వాన రోడ్డు కాలవ పాలైంది. మా బావి ఉప్పెక్కింది. నేరమంతా చప్టాదే అనను. 1990ల్లో రొయ్యల గుంటలొచ్చాయి, బోర్లు పెరిగాయి. కానీ మా వాకిలి మా చేతిలో ఉన్నదే కదా.

గచ్చు కూడా తవ్వేసి అంతా పలకలు పరుద్దామన్నాడు మేస్త్రి. ఒప్పుకోలేదు. గచ్చు అలాగే నడకదారి అయింది. కారు చక్రాలకు రెండు వరసల కడప బండలు ఇసుక మీదే పరిపించాను. కార్తీకంలో కురిసిన వాన వాకిట్లో గంటసేపు కూడా నిలవలేదు. ఎండాకాలం రాగానే బావినీళ్ళు ఒక చెంబు అమ్మకిచ్చి రుచి చూడమంటాను. తాతనాటి రుచి ఆమెకే తెలుసు.