అతుకులు

మాది ఐనవిల్లి. మాదిగోళ్లం. మా అయ్య డప్పు లేందే ఊళ్లో పెళ్లీ లేదు, చావూ లేదు. ఆయన మాత్రం ఊరోళ్ల అరుగెక్కకూడదు. అందుకే నేను డప్పొదిలి మైకుసెట్టు పట్టాను.

1996 నవంబరు 6 తుపానుకి కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. ఊళ్లో లైట్లు వెలిగిన చాన్నాళ్లకిగాని మా పేటకి కరెంటు రాలేదు. తెగిన వైర్లు ఏరుకొచ్చి, తొడుగు గీకి, రాగిపోగులు మెలేసి, టేపు చుట్టాను. మరుసటేడు ఏప్రిల్ 14న అంబేద్కర్ పాటలు మోగింది ఆ అతుకుల వైర్ల మీదే.

2022లో జిల్లాకి ఆయన పేరు పెడతామంటే, వద్దంటూ మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికి నిప్పెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి కోనసీమలో నెట్టు ఆపేశారు. వైరు తెగితే అతకగలను. దీన్నేం చెయ్యను?

ఇప్పుడు మావాడు ఫోన్లో ఏఐ యాప్‌తో పాటలు కడుతున్నాడు. డప్పు కావాలంటే అదేదో దరువిచ్చింది.

"అది కాచిన డప్పు కాదురా" అన్నాడు అయ్య. మంటేసి, డప్పు కాచి, తనే వాయించాడు. మావాడు రికార్డు చేసి, ముక్కలు కోసి, పాటలో అతికాడు.

"వాయించినవారి పేరు రాయమంటంది నాన్నా."

ఇన్నేళ్లూ ఊరు ఆయన్ని కులం పేరుతోనే కేకేసింది.

"మీ తాత పేరు రాయి. ఇంటిపేరుతో సహా రాయి" అన్నాను.