తుప్పుపట్టని ఉక్కు: మూస నుండి ముద్రణ దాకా

సికింద్రాబాదు అంగళ్లలో స్టీలు గిన్నె కొనేటప్పుడు అది తుప్పు పట్టదనే నమ్మకంతోనే కొంటాము. ఆ నమ్మకం వెనుక రెండు శతాబ్దాల పరిశోధన ఉన్నది. దానికి ప్రేరణ ఇచ్చినవాటిలో మన దేశపు ఉక్కు ఒకటి.

సికింద్రాబాదుకు ఉత్తరాన నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మట్టిమూసలలో ఉక్కు ముద్దలు తయారుచేసేవారు. పర్షియా వర్తకులు సైతం వచ్చి కొనేవారు. ఇటువంటి ఉక్కుతో చేసిన కత్తికి ఆమ్లం పూస్తే నీటి అలలవంటి చారలు తేలేవి. అయితే అందులో క్రోమియం లేదు; తేమ తగిలితే తుప్పు తప్పదు.

ఈ ఉక్కు మర్మం తెలుసుకోగోరి లండనులో మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్టు 1820 ప్రాంతంలో ఉక్కుకు అనేక లోహాలు కలిపి చూసినారు. వాటిలో క్రోమియం కూడా ఉన్నది. 1821లో ఫ్రాన్సులో బెర్తియే, క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు లొంగదని గమనించినాడు. కాని కర్బనం హెచ్చై ఆ లోహం పెళుసుగా ఉండేది. 1913లో షెఫీల్డులో హారీ బ్రియర్లీ తుపాకి గొట్టాల అరుగుదలకు విరుగుడు వెదకుతూ, సుమారు 13 శాతం క్రోమియం గల ఉక్కు పోత పోయించినాడు. సూక్ష్మదర్శినితో చూడడానికి ఆమ్లం పూస్తే అది చెక్కు చెదరలేదు!

గాలి తగలనందువల్ల స్టీలు తుప్పు పట్టదని కొందరు విద్యార్థులు వ్రాస్తారు. నిజం అందుకు విరుద్ధం. గాలిలోని ఆక్సిజను క్రోమియంతో కలిసి పలుచని పొర కట్టుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే, దాని మందం అందులో రెండు మూడు భాగాలే. గీరుకుపోయినా మళ్లీ కట్టుకొంటుంది. దాని శత్రువు ఉప్పు. ఉక్కులో చిక్కుకొన్న మాంగనీసు సల్ఫైడు రేణువుల వద్ద ఉప్పునీరు పొరను ఛేదించి సన్నని గుంటలు తొలుస్తుంది.

ఇప్పుడు స్టీలు పొడిని లేజరు కిరణంతో పొర వెంట పొర కరగించి వస్తువులు ముద్రిస్తున్నారు. హైదరాబాదు శివారు బాలాపూరులోని చూర్ణలోహ పరిశోధనా కేంద్రంలోనూ లేజరుతో ఇటువంటి పని జరుగుతున్నది. ముద్రించిన ముక్కను నునుపుచేసి ఆమ్లం పూస్తే చేప పొలుసులవంటి గీతలు కనబడతాయి. ఒక్కొక్క పొలుసు ఒక్కొక్క కరుగుగుంట అంచు. లోహం క్షణంలో గడ్డకట్టుతుంది గనుక సల్ఫైడు రేణువులు పెరిగే వ్యవధి ఉండదు. అందుచేత పోత ఉక్కుకన్న గుంటలు పడడం తగ్గినట్లు ప్రయోగాలలో తేలింది.

అయితే పొడి సరిగా కరగని చోట రంధ్రాలు మిగులుతాయి. అవి పైకి తేలితే ఉప్పునీరు అక్కడే నిలిచి తొలుస్తుంది. లోపలి బిగువు సడలించడానికి 1,000 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చితే సల్ఫైడు రేణువులు తిరిగి తల ఎత్తుతాయి. కనుక ఒకే పొడితో చేసిన రెండు ముక్కలను విడివిడిగా ఉప్పునీటిలో పరీక్షించవలసినదే.