తల వంపుతో మారే క్షేత్రం: మెదడు ఎంఆర్‌ఐలో ఒక దిద్దుబాటు చరిత్ర

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి 2019లో వెలువరించిన భారతీయ మెదడు అట్లాస్, వంద మంది యువతీయువకుల ఎంఆర్‌ఐ చిత్రాల నుంచి రూపొందింది. పాశ్చాత్యుల తలల ఆధారంగా తయారైన ఎంఎన్‌ఐ నమూనాకన్నా భారతీయుల మెదడు సగటున చిన్నదని అది చూపింది. స్కాన్‌లో వెలిగిన చుక్క మెదడులో ఏ మడతకు చెందిందో చెప్పే చిరునామా పుస్తకం వంటిది ఈ అట్లాస్. అయితే చుక్కే తన చోటు తప్పి కనిపిస్తే ఎంత మంచి అట్లాస్ అయినా చేయగలిగింది లేదు.

చుక్క చోటు తప్పడానికి మూలం అయస్కాంత క్షేత్రంలో ఉంది. మూడు టెస్లాల యంత్రంలో హైడ్రోజన్ ప్రోటాన్ల పౌనఃపున్యం సుమారు 128 మెగాహెర్ట్జ్. ఆ పౌనఃపున్యంలోని స్వల్ప భేదాలను బట్టే యంత్రం స్థానాన్ని లెక్కగడుతుంది. అయస్కాంత క్షేత్రానికి స్పందించే గుణంలో, అంటే ససెప్టిబిలిటీలో, కణజాలానికీ గాలికీ పది లక్షల్లో తొమ్మిది వంతుల తేడా ఉండటం వల్ల సైనస్‌ల పైన, చెవుల దగ్గర క్షేత్రం చెదిరిపోతుంది. ఒకే ప్రేరణతో మొత్తం పొరను చిత్రించేలా పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో ప్రతిపాదించిన ఎకో ప్లానార్ పద్ధతిలో ఈ చెదురు బాగా పెద్దదై కనిపిస్తుంది. 64 వరుసలను ఒక్కోటి అర మిల్లీసెకనులో చదివితే 32 మిల్లీసెకన్లు పడుతుంది గనుక, 31 హెర్ట్జ్ తేడా వస్తే చాలు, పిక్సెల్ పక్క గడిలోకి జరుగుతుంది. క్షేత్రంలో పది లక్షల్లో ఒక వంతు మార్పు వస్తే నాలుగు పిక్సెళ్లు, మూడు మిల్లీమీటర్ల పిక్సెళ్లలో పన్నెండు మిల్లీమీటర్లు, జరుగుతుంది.

సెయిజి ఒగావా 1990లో రక్తంలోని ఆక్సిజన్ మార్పుతో ఎంఆర్‌ఐ సంకేతం మారుతుందని చూపిన తరువాత ఎకో ప్లానార్ పద్ధతి మెదడు పరిశోధనకు ప్రధాన సాధనమైంది. 1995లో జెజార్డ్, బలబాన్ క్షేత్రపు పటాన్ని విడిగా కొలిచి, దాని ప్రకారం పిక్సెళ్లను వెనక్కి జరిపారు. తల కదలికను మాత్రం అప్పట్లో కేవలం జ్యామితి సమస్యగా చూసి, కదిలిన చిత్రాన్ని తిప్పి మొదటిదానిపై కూర్చోబెట్టేవారు. తల ఒక భంగిమలో ఉండగా కొలిచిన పటం మరో భంగిమకు చెల్లదన్న సంగతి ఈ ఏర్పాటులో మరుగున పడింది. ఈ చరిత్రలో అసలు లోపం ఇదేనని చెప్పాలి.

2001లో యెస్పర్ ఆండర్సన్ బృందం కదలిక, క్షేత్రం రెండూ ముడిపడిన సమస్యగా గుర్తించి, కదలికతో క్షేత్రం మారే రేటును చిత్రాల వరుస నుంచే అంచనా కట్టింది. ఇందులో ఒక మెళకువ ఉంది. పడుకున్న మనిషి కాదన్నట్టు తలను అడ్డంగా తిప్పితే, ఆ కదలిక యంత్రపు అయస్కాంత అక్షం చుట్టూనే జరుగుతుంది కాబట్టి, సైనస్‌ల వల్ల కలిగే చెదురు తలతోపాటే తిరుగుతుంది. ఔనన్నట్టు నిలువుగా ఆడించినా, భుజం వైపు వాల్చినా ఆ అక్షంతో తల చేసే కోణం మారి, చెదురు రూపమే మారిపోతుంది. అందుకే ఆ నమూనా ఈ రెండు వంపులనే లెక్కలోకి తీసుకుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పనిచేసి తరువాత ట్రిపుల్ ఐటీకి వచ్చిన బాపిరాజు సూరంపూడి, సహచరులతో కలిసి 2006లో ప్రచురించిన చలన క్రమాల అభ్యాస అధ్యయనంలో వలె స్కానర్‌లో పడుకుని మీటలు నొక్కే ప్రయోగాలకు ఇది ముఖ్యం; వేలి పనితోపాటే తల కాస్త వంగితే, క్షేత్రపు మార్పు మెదడు స్పందనలా కనిపించే ప్రమాదం ఉంటుంది.

2003లో ఆండర్సన్, స్కారే, ఆష్‌బర్నర్ వ్యతిరేక దిశల్లో చదివిన రెండు చిత్రాలను పోల్చి క్షేత్రాన్ని రాబట్టారు. కదలికతో మారే చెదురును అదనపు స్కాన్ లేకుండా దిద్దే మార్గం 2018లో, నీటి అణువుల వ్యాప్తిని చూపే డిఫ్యూజన్ చిత్రాలకూ వచ్చింది. స్కాన్ ముగిశాక చేసే ఈ దిద్దుబాట్లు జరిగిన పిక్సెళ్లను తిరిగి చోటికి చేర్చగలవే గాని, పొరుగు ప్రోటాన్ల లయ తప్పి ఆరిపోయిన సంకేతాన్ని తిరిగి తేలేవు. పైగా తల కదలకపోయినా ఊపిరితో ఛాతీ ఉబ్బితే మెదడులోని క్షేత్రం మారుతుంది. ఆ మార్పును స్కాన్ జరుగుతుండగానే యంత్రంలోని తీగచుట్టల్లో (కాయిళ్లలో) విద్యుత్ ప్రవాహం మార్చి సరిదిద్దే ప్రయత్నాలు 2007 నాటికే మొదలయ్యాయి.