ఒట్టో రాంక్ ఖాళీ చేసిన కుర్చీలు

1923 చివర్లో వియన్నాలో ఒక పుస్తకం అచ్చయింది. ముఖపత్రం మీద మాత్రం 1924 అని ఉంటుంది. పేరు తెలుగులో 'పుట్టుక గాయం' అనుకోవచ్చు. అంకితం సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి, రాసింది ఒట్టో రాంక్. తల్లి కడుపులోంచి బయటపడటమే మనిషికి మొదటి గాయం, తర్వాత వచ్చే భయాలన్నిటికీ మూలం ఆ ఎడబాటే అన్నది అందులో వాదన. ఆ పుస్తకం వచ్చిన రెండున్నరేళ్లలో రాంక్ చేతిలో ఉన్న పదవులన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి.

అవి చిన్న పదవులు కావు. రాంక్ అసలు పేరు రోసెన్‌ఫెల్డ్. టెక్నికల్ స్కూల్లో చదివి యంత్రాల పనిలోకి వెళ్లిన కుర్రాడు. ఫ్రాయిడ్‌కి అతన్ని పరిచయం చేసింది ఆడ్లర్. కళాకారుడి మనస్తత్వం మీద రాంక్ రాసుకున్న చేతిప్రతి చూసి ఫ్రాయిడ్ ముచ్చటపడ్డాడు. 1906లో, రాంక్‌కి ఇరవై రెండేళ్లప్పుడు, తన ఇంట్లో జరిగే బుధవారం సమావేశాలకి జీతమిచ్చి కార్యదర్శిగా పెట్టుకున్నాడు. యూనివర్సిటీ చదువుకీ తోడ్పడ్డాడు. ఆ సమావేశాల్లో ఎవరేమన్నారో ఇవాళ మనకి తెలుస్తోందంటే, యుద్ధంలోకి పిలుపొచ్చేదాకా రాంక్ కూర్చుని రాసిన మినిట్స్ వల్లే. 1912లో హాన్స్ సాక్స్‌తో కలిసి 'ఇమాగో' పత్రిక మొదలుపెట్టాడు. తర్వాత మనోవిశ్లేషణ సంఘం అధికారిక పత్రిక 'త్సైట్‌ష్రిఫ్ట్' సంపాదకుల్లో ఒకడయ్యాడు. 1919లో, బుడాపెస్ట్ బీరు వ్యాపారి ఆంటోన్ ఫాన్ ఫ్రాయిండ్ ఇచ్చిన డబ్బుతో మొదలైన ప్రచురణ సంస్థ కూడా ఇతని నెత్తి మీదే పడింది. యుద్ధం తర్వాతి వియన్నాలో ద్రవ్యోల్బణం మధ్య కాగితం, ప్రెస్సు, ప్రూఫులు అన్నీ చూసుకోవాలి. ఇంగ్లీషు పత్రిక ఆలస్యమవుతోందని లండన్ నుంచి ఎర్నెస్ట్ జోన్స్ సణుగుతూ ఉండేవాడు. జోన్స్‌కి రాంక్ మీద కోపం పుట్టుక సిద్ధాంతంతో మొదలవలేదు, అచ్చు పనుల దగ్గర మొదలైంది. చరిత్ర పుస్తకాల్లో ఇలాంటి సంగతి తరచూ ఫుట్‌నోట్‌లోకి పోతుంది గానీ, నాకైతే సగం కథ అక్కడే కనిపిస్తుంది.

1923లోనే ఫ్రాయిడ్ దవడకి క్యాన్సర్ బయటపడింది. ఫ్రాయిడ్ చుట్టూ ఉండే రహస్య 'కమిటీ' సభ్యులు అబ్రహాం, జోన్స్, సాక్స్, ఐటింగోన్, ఫెరెంజి, రాంక్. పెద్దాయన తర్వాత ఎవరు అన్న ప్రశ్నని ఎవరూ పైకి అనలేరు, అలాగని మనసులోంచి తీసేయనూ లేరు. సరిగ్గా అప్పుడు పుస్తకం వచ్చింది. మనోవిశ్లేషణ అంటే అప్పటిదాకా తండ్రి కథ: ఈడిపస్, తండ్రి మీద భయం, తండ్రితో పోటీ. రాంక్ ఆ కథకి ముందు ఇంకో అధ్యాయం చేర్చి అందులో తల్లిని కూర్చోబెట్టాడు. నిజానికి విత్తనం ఫ్రాయిడ్‌దే. పుట్టుకే భయానికి మొదటి అనుభవమని 'కలల వివరణ' 1909 ముద్రణలో ఆయన ఒక ఫుట్‌నోట్ రాశాడు. మొదట్లో ఆయనకి ఈ పుస్తకం నచ్చింది కూడా. 1924 ఫిబ్రవరిలో కమిటీకి ఉత్తరం రాసి మిగతావాళ్లని శాంతపరచాలని చూశాడు. అబ్రహాం శాంతించలేదు. యూంగ్ దారిలోనే ఇతనూ పోతున్నాడని ఆయన అనుమానం.

పుస్తకం గొప్పదా అంటే, కాదు. మొదటి పేజీల్లో ఉన్న మంచి ఊహని రాంక్ కళ, మతం, తత్వం అన్నిటి మీదకీ లాగాడు. ప్రతి గదీ గర్భమే, ప్రతి ప్రయాణమూ పుట్టుకే అన్నంత దూరం పోతే ఇక రుజువు చేయడానికేమీ మిగలదు. ఇంకో లోటు నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. పుట్టుక గురించి ఇంత రాసిన పుస్తకంలో, కన్న మనిషికి ఎలా ఉంటుందన్న మాట ఎక్కడో అంచున ఉండిపోయింది. తల్లి వచ్చింది గానీ, ఒక చోటుగా మాత్రమే వచ్చింది.

1924 వసంతంలో కమిటీ చెదిరిపోయింది. రాంక్ ఓడెక్కి న్యూయార్క్ వెళ్లాడు. ఆయన లేనప్పుడు మార్పులు మొదలయ్యాయి. త్సైట్‌ష్రిఫ్ట్ షాండోర్ రాడో చేతికి వెళ్లింది. వియన్నా సంఘంలో ఫ్రాయిడ్ తరఫున నడిపే బాధ్యత పాల్ ఫెడెర్న్‌కి, మరుసటేడు ప్రచురణ సంస్థ స్టోర్ఫర్‌కి. సాఫ్ట్‌వేర్ టీముల్లో పనిచేసినవాళ్లకి ఈ తేడా చెప్పక్కర్లేదు. డిజైన్ వాదనలో ఓడిపోవడం ఒకటి, పొద్దున్నే వచ్చేసరికి లాగిన్ పనిచేయకపోవడం ఇంకొకటి.

ఆ చలికాలంలో జరిగిన సంగతి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మళ్లీ అమెరికాకని బయల్దేరిన రాంక్ పారిస్‌దాకా వెళ్లి, కుంగిపోయి వెనక్కొచ్చేశాడు. ఫ్రాయిడ్‌తో గంటల తరబడి మాట్లాడాడు. డిసెంబర్ 20న కమిటీ వాళ్లందరికీ క్షమాపణ ఉత్తరం రాశాడు. ఫ్రాయిడ్ జబ్బు తనలో అణిగి ఉన్న ఈడిపస్ భావాలని, అన్నదమ్ముల అసూయని రేపిందనీ, తను ఇన్నాళ్లూ ప్రవర్తించిన తీరుకి కారణం అదేననీ అందులో ఒప్పుకున్నాడు. ఒక్కసారి ఆలోచించండి. తండ్రి కథ చాలదు, అమ్మని చూడండి అన్న మనిషి, తిరిగి లోపలికి రావడానికి తండ్రి కథ భాషలోనే తప్పు ఒప్పుకోవాల్సొచ్చింది. విభేదించినవాడి సిద్ధాంతానికి జవాబివ్వడం కన్నా వాడికి రోగనిర్ధారణ చేయడం తేలిక. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, 1957లో జోన్స్ ఫ్రాయిడ్ జీవితచరిత్ర మూడో సంపుటం ముగించేనాటికి కూడా రాంక్‌ని మతి చెడినవాడిగానే చూపించాడు.

క్షమాపణ ఎంతోకాలం నిలవలేదు. 1926 ఏప్రిల్‌లో ఇద్దరూ ఆఖరిసారి కలుసుకున్నారు. మే నెలలో ఫ్రాయిడ్ డెబ్బయ్యో పుట్టినరోజుకి రాంక్ తెల్లతోలు బైండింగ్ చేయించిన నీషే సంపుటాలు పంపించాడు. ప్రేమో, ఎత్తిపొడుపో, బహుశా రెండూనో. ఆ ఏడే ఫ్రాయిడ్ భయం గురించి పుస్తకం రాసి నేరుగా జవాబిచ్చాడు. పుట్టేటప్పుడు బిడ్డకి తల్లి అనే మనిషి ఇంకా తెలియదు, తెలియనిదాన్ని పోగొట్టుకున్నానని ఎలా భయపడుతుంది? గట్టి ప్రశ్నే. కానీ ఆ జవాబు రాస్తూనే, తర్వాత తల్లి దూరమవుతుందన్న భయానికి ఫ్రాయిడ్ పెద్దపీట వేయాల్సొచ్చింది. బిడ్డల ఎడబాటు భయం మీద జాన్ బౌల్బీ పని మొదలుపెట్టినప్పుడు ఆ పుస్తకం దగ్గరికే తిరిగి వెళ్లాడు. మనిషిని గది బయటికి పంపారు గానీ, అతను తెచ్చిన ప్రశ్న బల్ల మీదే ఉండిపోయింది.

మన దగ్గర బుచ్చిబాబు గురించో గోపీచంద్ గురించో మాట్లాడేటప్పుడు ఫ్రాయిడ్ పేరు ఎలాగోలా వస్తుంది. రాంక్ పేరు నేను ఎక్కడా వినలేదు. 'చివరకు మిగిలేది'లో దయానిధిని జీవితమంతా వెంటాడేది తండ్రి కాదు, తల్లి.

1930లో అమెరికన్ మనోవిశ్లేషణ సంఘం గౌరవ సభ్యుల జాబితాలోంచి రాంక్ పేరు కొట్టేసింది. ఫ్రాయిడ్ 1939 సెప్టెంబర్ 23న లండన్‌లో పోయాడు, రాంక్ అక్టోబర్ 31న న్యూయార్క్‌లో. అప్పటికి భార్య బేయాటా విడిపోయి బోస్టన్ చేరింది. ఆమె 1923 నుంచి వియన్నా సంఘం సభ్యురాలు, భర్తలా బయటికి పోలేదు. 1943లో మేరియన్ పట్నమ్‌తో కలిసి బోస్టన్‌లో చిన్నపిల్లల కోసం ఒక కేంద్రం తెరిచింది. బడి వయసు రాని పిల్లలు అక్కడికి అమ్మల చెయ్యి పట్టుకుని వచ్చేవాళ్లు. వైద్యం పిల్లలతో పాటు ఆ అమ్మలతో మాట్లాడటంతో కూడా మొదలయ్యేది.