ప్రెస్బిటర్

ప్రెస్బిటర్ అనగా క్రైస్తవ సంఘంలో అభిషేకం పొంది ఆరాధన, బోధ, సంస్కారాలు నిర్వహించే వ్యక్తి. "ఎక్కువ వయసుగలవాడు, పెద్ద" అనే అర్థంగల ప్రెస్బుటెరోస్ అనే గ్రీకు పదం దీనికి మూలం. నిజామాబాదు, బోధన్ ప్రాంతాలు చేరియున్న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) మెదక్ డయాసిస్‌లో సంఘ కాపరికి ఇది అధికారిక నామం.

పద చరిత్ర

ప్రెస్బుటెరోస్ లాటిన్ ద్వారా ఆంగ్లంలోనికి వచ్చి "ప్రీస్ట్" అయినది. అయితే బలులు అర్పించే హియెరెయుస్ అనే గ్రీకు పదాన్ని కూడా ఆంగ్లంలో ప్రీస్ట్ అనే అనువదిస్తారు. తెలుగు బైబిలులో ఈ గందరగోళం లేదు. మొదటిదానికి "పెద్ద", రెండవదానికి "యాజకుడు" అని వేరువేరు పదాలున్నాయి. క్రొత్త నిబంధన క్రీస్తును ప్రధాన యాజకుడనీ, విశ్వాసులందరినీ యాజక సమూహమనీ పేర్కొంటుంది. సంఘ నాయకులకు మాత్రం యాజకులనే బిరుదు ఇవ్వదు. ప్రొటెస్టెంటు సంఘాలలో అనేకం ప్రీస్ట్ అనే పదాన్ని విడిచిపెట్టడానికి ఇది ముఖ్య కారణం.

సంబంధిత పదాలు

* ఎపిస్కొపోస్: పైవిచారణ చేయువాడు. తెలుగు బైబిలులో "అధ్యక్షుడు". బిషప్ అనే పదం దీనినుండి పుట్టినది.
* డియాకొనోస్: సేవకుడు. తెలుగు బైబిలులో "పరిచారకుడు". దీనినుండి డీకన్ వచ్చినది.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఎఫెసు సంఘ నాయకులను 17వ వచనం పెద్దలనీ, 28వ వచనం అధ్యక్షులనీ అంటుంది. అనగా తొలుత ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తులకు చెల్లినవి. 2వ శతాబ్దారంభంలో అంతియొకయ ఇగ్నేషియస్ లేఖలలో బిషప్, పెద్దలు, పరిచారకులు మూడు వేరువేరు శ్రేణులుగా కనిపిస్తారు.

నిజామాబాదు ప్రాంతంలో

ఈ ప్రాంతంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ సంఘాలను స్థాపించినది. బ్రిటిషు మెథడిస్టులకు బిషప్‌లు లేరు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడినపుడు ఈ సంఘాలు బిషప్ పాలనలోనికి వచ్చాయి. 1924లో ప్రతిష్ఠించబడిన మెదక్ చర్చి బిషప్ పీఠమై కెథడ్రల్ అయినది. బిషప్ చేత అభిషేకం పొందని పూర్వపు కాపరులను కొత్త సంఘం యథాతథంగా అంగీకరించినది. తరువాతి అభిషేకాలు మాత్రం బిషప్‌ల ద్వారానే జరగాలని నిర్ణయించారు. డీకన్, ప్రెస్బిటర్, బిషప్ అనే మూడు శ్రేణులను స్వీకరించినా, ఆంగ్లికన్ల "ప్రీస్ట్"కు బదులు ప్రెస్బిటర్ అనే పేరునే ఎంచుకున్నారు.

వాడుక

వ్యవహారంలో ప్రెస్బిటర్‌ను "అయ్యగారు" లేదా "పాస్టరుగారు" అని పిలుస్తారు. "సంఘ పెద్దలు" అంటే సంఘ కమిటీలోని అభిషేకం పొందని సభ్యులు. అనగా గ్రీకు పదం కాపరికి దక్కగా, దాని తెలుగు అర్థం సామాన్య విశ్వాసులకు మిగిలినది. సి.ఎస్.ఐ.లో ఈ పదవులు స్త్రీలకు కూడా ఉన్నాయి. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత ఆ సంఘపు తొలి మహిళా బిషప్ అయ్యారు.