డెల్టా ప్రమేయము

వ్యాకరణమున లక్ష్యము ముందు, లక్షణము తరువాత. గణితమునను ఒకప్పు డట్లే జరిగినది.

మూర వెడల్పు, మూర యెత్తు గల చతురస్రము నూహింపుడు. వెడల్పును సగము చేసి, యెత్తును రెట్టించినచో వైశాల్యము మారదు. ఇట్లే చేయుచు బోయినచో వెడల్పు బిందుమాత్రమగును. వైశాల్య మొకటిగనే యుండును. దీనినే డెల్టా ప్రమేయ మందురు.

దీనితో సమాకలనము సులభము. డెల్టా యే బిందువున నున్నదో, అచ్చట రెండవ ప్రమేయము విలువయే ఫలము. సంఖ్యావర్గమును 3 కడనున్న డెల్టాతో గుణించి, 0 మొదలు 5 వఱకు సమాకలనము చేసిన 9 వచ్చును. 4 మొదలు 5 వఱకైన సున్న; ఏలయన 3 ఆ యెల్లలలో లేదు.

తంతి యుద్యోగము మానిన ఆంగ్లేయుడు హెవిసైడు విద్యుద్గణనలం దిట్టి పద్ధతులను వాడెను. ఉపపత్తి లేదని పండితు లాక్షేపించిరి. 1894లో రాయల్ సొసైటీవా రాయన వ్యాసమున మూడవ భాగమును నిరాకరించిరి. 1927లో డిరాక్ అణుశాస్త్రమున డెల్టాను నెలకొల్పెను; ఇది నిక్కమగు ప్రమేయము కాదని తానే చెప్పెను. 1945లో ఫ్రెంచి పండితుడు ష్వార్ట్జ్ దీనికి లక్షణము చెప్పెను: డెల్టా ప్రమేయము గాదు, ప్రమేయమును గొని యొక విలువ నిచ్చు వ్యాపారము.

హెవిసైడు 1925లోనే గతించెను. ఈ తీర్పు నాతడు వినలేదు. అయినను ఆక్షేపకులను నిందింపను. రెండవ ప్రమేయము ఆ బిందువు కడనే తెగియున్నచో పై నియమము చెల్లదు. ఫలించు ప్రయోగమును త్రోయరాదు. దాని యెల్లలు దెలుపునది లక్షణమే.