పడక, టికెట్: యూరప్‌లో విద్యార్థుల చౌక ప్రయాణం

యూరప్‌లో విద్యార్థి ప్రయాణం విశ్వవిద్యాలయాలంత పాతది. 12వ శతాబ్దంలో న్యాయశాస్త్రం చదవాలంటే బొలోన్యాకు, క్రైస్తవ మతశాస్త్రం చదవాలంటే పారిస్‌కు వెళ్లవలసిందే. పరాయి ఊళ్లో విద్యార్థికి దిక్కు ఉండేది కాదు. తన దేశపువాడెవడో అప్పు ఎగ్గొడితే, ఆ బాకీ కింద విద్యార్థిని పట్టుకునేవారు. ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి 1158లో ఖరారు చేసిన శాసనం ఈ దౌర్జన్యాన్ని నిషేధించి, చదువు కోసం ఊళ్లు తిరిగేవారికి రక్షణ కల్పించింది.

రక్షణ సరే, పడక ఎక్కడిది? 1180లో జెరూసలేం యాత్ర నుంచి తిరిగి వస్తూ పారిస్‌లో ఆగిన జోసియస్ అనే లండన్‌వాసి, నోత్రదామ్ పక్కనున్న ఆసుపత్రిలో పేద విద్యార్థులు తలదాచుకునే గదిని చూశాడు. ఆ గదిని కొని 18 మందికి శాశ్వతంగా ఏర్పాటు చేశాడు. పడకతోపాటు నెలనెలా కొన్ని నాణేలు కూడా ముట్టేవి. అందుకు బదులుగా, ఆసుపత్రిలో ఎవరు పోయినా విద్యార్థులు వంతులవారీగా శవం ముందు శిలువ, పవిత్ర జలం పట్టుకుని నడవాలి. పారిస్‌లో తొలి కళాశాలగా పేరుపొందింది ఇదే. అప్పట్లో కళాశాల అంటే పడుకునే చోటు. పాఠాలు వేరే చోట.

17, 18 శతాబ్దాల్లో యాత్ర కలవారి పిల్లల సొత్తయింది. గురువును, నౌకర్లను వెంటబెట్టుకుని వెనిస్, రోమ్ చూసి రావడం ఇంగ్లండ్ జమీందారీ కుటుంబాల్లో మర్యాదగా చెలామణి అయింది. థామస్ కోర్యాట్ వంటివాడు అరుదు. 1608లో వెనిస్ వెళ్లి, తిరుగుదారిలో చాలా భాగం కాలినడకనే ఇల్లు చేరాడు. ఆయన ఆ తర్వాత భారతదేశానికీ నడిచే వచ్చాడు. అజ్మీరులో జహంగీరు ముందు పారసీకంలో ప్రసంగించి, 1617లో సూరత్‌లో కన్నుమూశాడు.

ఈ చరిత్రను మలుపు తిప్పినవాడు రాజూ కాదు, ధనవంతుడూ కాదు. జర్మనీలోని ఆల్టెనా పట్టణపు బడిపంతులు రిచర్డ్ షిర్మన్. పారిశ్రామిక పట్టణాల పిల్లలకు గాలీ వెలుతురూ అందడం లేదని ఆయన వారిని రోజుల తరబడి నడకయాత్రలకు తీసుకెళ్లేవాడు. 1909 ఆగస్టు 26న బ్రోల్ లోయలో ఉరుములతో పెద్ద వాన పట్టుకుంది. పిల్లలతో కలిసి ఒక పల్లె బడిలో గడ్డి పరుచుకుని ఆ రాత్రి గడిపాడు. అప్పుడే తట్టింది: సెలవుల్లో ప్రతి ఊరి బడీ ఖాళీయే గదా, అదే వసతిగృహం ఎందుకు కాకూడదు? ముందుగా తను పనిచేసే బడిలోనే ప్రయత్నించాడు. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వత యువజన వసతిగృహం మొదలైంది; ప్రపంచంలో అదే మొదటిది. మూడేసి అంతస్తుల మోటు చెక్క మంచాలున్న ఆ గదులు ఇప్పుడు మ్యూజియం.

ఇరవయ్యేళ్లలో జర్మనీలో ఇలాంటి వసతిగృహాలు రెండు వేలు దాటాయి. 1930లో ఇంగ్లండ్‌లోనూ ఉద్యమం మొదలైంది. అక్కడ రాత్రికి ఒక షిల్లింగు. నడిచో సైకిలు మీదో రావాలి, పొద్దున్నే ఊడవడమో గిన్నెలు కడగడమో చేసి పోవాలి. ధర తగ్గడంలో ఆ చాకిరీకీ వాటా ఉంది. 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. మరుసటి ఏడాది నాజీలు జర్మనీ వసతిగృహాలను హిట్లర్ యువజన సంఘం చేతికిచ్చారు. 1936లో సమాఖ్య అధ్యక్ష పదవి నుంచి షిర్మన్‌ను తప్పించారు. యుద్ధం ముగిశాక ఆయన మళ్లీ ఈ పనిలోకే వచ్చాడు.

పడక చౌకైనా రైలు చార్జీలు విద్యార్థికి భారమే. అంతర్జాతీయ రైల్వేల సంఘం తన యాభయ్యో ఏట, 1972లో, 21 ఏళ్లలోపువారికి ఇంటర్‌రైల్ పాస్ తెచ్చింది. బ్రిటన్‌లో ధర 27.50 పౌండ్లు, నెల రోజులు, 21 దేశాలు. తూర్పు జర్మనీ, హంగరీ, పోలండ్ కూడా వాటిలో ఉండటం ఆ ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో చిన్న సంగతి కాదు. ఆ ఒక్క వేసవి కోసమే తెచ్చిన పథకం ఆదరణ చూసి నిలిచిపోయింది. కుర్రకారు దానికి తమ ఉపాయం జోడించారు: రాత్రి రైలెక్కి బోగీలో నిద్రపోయి, తెల్లారి మరో నగరంలో దిగడం. పడక ఖర్చూ మిగిలేది. వయోపరిమితి 1976లో 23కు, 1979లో 26కు పెరిగి, 1998లో పూర్తిగా పోయింది. యువతకు మాత్రం రాయితీ ఉంది.

ఇంటర్‌రైల్ యూరప్ నివాసులకే. ఇతర ఖండాలవారికి 1959 నుంచీ యూరైల్ పాస్ ఉంది. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో నివాస అనుమతితో చదువుకుంటున్న తెలుగు విద్యార్థికి మొదటిది వర్తిస్తుంది. హైదరాబాదు నుంచి సెలవులకు వెళ్లేవారు రెండోది తీసుకోవాలి.